బల్ల కింద చెవి

మూడు గంటల బెల్లు కొట్టి రెండు నిమిషాలైనా కాలేదు, జగన్నాధం చేతిలోని చిన్న రేడియో ఒక్కసారిగా కీచుమని కూత పెట్టింది. శనివారం తొమ్మిదో తరగతికి రేడియో తరంగాల పాఠం చెప్పాలి. బోర్డు మీద వంకరగీతలు గీసేకంటే ముల్లు తిప్పి వినిపిస్తే పిల్లలకు బాగా ఎక్కుతుందని ఇంటి నుంచి తెచ్చుకున్నాడు. ఈ పీరియడు తనకు ఖాళీ, స్టాఫ్ రూములో ఇంకెవరూ లేరు, పనిచేస్తోందో లేదో చూద్దామని ముల్లు తిప్పుతూ పోయాడు. విశాఖపట్నం పాటలు దాటాయి, ఇంకెక్కడివో మాటలు దాటాయి, ఆ తర్వాత ఏ స్టేషనూ ఉండకూడని చోట ఈ కూత. చటుక్కున సౌండు తగ్గించాడు, కూత ఆగిపోయింది. ఆగిపోయాక పైనున్న ఫ్యాను గరగర రేడియోలోంచి కూడా వస్తోంది. గొంతు సవరించుకున్నాడు, రేడియో కూడా గొంతు సవరించుకుంది. వేలి కణుపుతో బల్ల మీద టకటకమని కొట్టాడు. రేడియోలో ఆ టకటకలు పిడుగుల్లా పడ్డాయి. మిట్టమధ్యాహ్నం నరసన్నపేట రోడ్డు మీద స్కూటరు తోలుకొచ్చిన చెమట ఇంకా ఆరలేదు, దాని మీద ఇంకో చెమట పట్టింది. ఎవరో వింటున్నారు. ఈ గదిలో ఒక మైకు ఉంది, అది ఈ క్షణాన కూడా వింటోంది.

ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేసిన మనిషికి ఇది తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మైకు మాట పట్టుకుంటుంది, రేడియో ఆ మాటను అంటుంది, అన్న మాటను మైకు మళ్లీ పట్టుకుంటుంది, అదలా తిరిగి తిరిగి కూతవుతుంది. రెండూ ఎంత దగ్గరైతే కూత అంత గట్టిది. సౌండు కొద్దిగా పెంచి రేడియోను చెయ్యి చాచి గదంతా తిప్పాడు, దయ్యం పట్టిన ఇంట్లో నిమ్మకాయ తిప్పినట్టు. టైం టేబుల్ అంటించిన గోడ దగ్గర ఏమీ లేదు. వైస్ ప్రిన్సిపాల్ మురళీమోహన్ కుర్చీ దగ్గర సన్నగా మూలిగింది. తలుపు పక్కన, మంచినీళ్ల ఫిల్టరు ఆనుకుని ఉన్న కుర్చీ దగ్గరికి వచ్చేసరికి చెవులు చిల్లులు పడేలా అరిచింది. ఆ కుర్చీ జగన్నాధానిది. వారానికి మూడు మధ్యాహ్నాలు వచ్చే పార్ట్ టైం సారుకు ఇచ్చే కుర్చీ, ఎవరు నీళ్లు పట్టుకున్నా భుజం మీద రెండు చుక్కలు పడే కుర్చీ. రేడియో ఆపేసి, ముందు వరండాలోకి తొంగిచూసి, మోకాళ్ల మీద కూర్చుని బల్ల అడుగున చెయ్యి పెట్టి తడిమాడు. నల్ల టేపు తగిలింది. టేపు కింద అగ్గిపెట్టెంత వస్తువు, దాని పక్కన తొమ్మిది వోల్టుల బ్యాటరీ, జానెడు వైరు తోక. ముట్టుకున్న వేలు వెనక్కి తీసుకుని లేచి కుర్చీలో కూర్చున్నాడు. అప్పుడు తట్టింది, తాను విన్న కూత అవతల వినేవాళ్లకూ వినిపించే ఉంటుంది. ఎవరో దొరికిపోయామని తెలుసుకుని ఊపిరి బిగబట్టి ఉంటారు. తనూ అలాగే ఉన్నాడు. గోడ గడియారం మూడూ ఎనిమిది చూపిస్తోంది. నాలుగింటికి కరస్పాండెంట్ హరిబాబు గదికి రమ్మని కబురు.

హరిబాబే పెట్టించి ఉంటాడా. వరండాలో మూడు కెమెరాలు పెట్టించిన మనిషి, గదిలోపల ఒక చెవి పెట్టించడానికి ఎంతసేపు. టీచర్లు వేరే స్కూళ్లకు వెళ్లిపోవాలని మాట్లాడుకుంటున్నారని ఆయనకు ఎప్పుడూ అనుమానమే. కానీ హరిబాబుకు టంకం అంటే బంగారం పని అనుకునేంత తెలివి. అయితే మురళీమోహన్ చేసి ఉంటాడు. ల్యాబు ఆయన చేతికిందే ఉంది, సామాన్లున్నాయి, పైగా ఇందాక వచ్చేటప్పుడు గేటు దగ్గర స్కూటరు ఆపి మరీ చెప్పాడు, ఆ విషయం ఇయ్యాల తేల్చేస్తారంట, మీరొక సంతకం పెట్టాలంట అని. చెప్పేటప్పుడు కళ్లలో కళ్లు పెట్టలేదు. పెట్టలేదా, లేక ఎదురుగా ఎండ ఉందా. ఇంకో ఆలోచన దానికంటే చల్లగా వచ్చి వెన్నులో కూర్చుంది. ఇలాంటి వస్తువు దొరికితే స్కూల్లో ఎవరి పేరు చెప్తారు. ఎలక్ట్రానిక్స్ చెప్పేది ఒక్కడు. దొరికింది ఆ ఒక్కడి కుర్చీ కింద. ఇరికించడానికి పెట్టారా. పొద్దున పూట ఇంటి ముందు గదిలో మిక్సీలు బాగుచేసుకునే మనిషి, మధ్యాహ్నం అయ్యేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని సారైపోవడం కొందరికి గిట్టదు.

లోపం వెతకడమంటే అనుమానించడమేనని తనే పిల్లలకు చెప్తాడు. బల్బు వెలగలేదంటే ముందు బల్బును అనుమానించండి, తర్వాత స్విచ్చిని, తర్వాత తీగను, ఆఖరికి కరెంటు వస్తోందో లేదో అనుమానించండి, దేన్నీ ఊరికే నమ్మొద్దు. చెప్పడానికి బాగానే ఉంటుంది. కోటబొమ్మాళి ఎక్స్ఛేంజిలో ఉన్నప్పుడు రాగి కేబులు చుట్ట ఒకటి కనబడకుండా పోతే, పైనుంచి వచ్చిన ఇంజనీరు ఎవరి మీద అనుమానం అని అడిగాడు. ఆ రాత్రి డ్యూటీ లైన్‌మన్ లక్ష్ముడిదని జగన్నాధం అన్నాడు. అనుమానం అనలేదు, డ్యూటీ అన్నాడు. అంతే, లక్ష్ముడిని ఎక్కడో అడవిలో ఎక్స్ఛేంజికి తోలేశారు. కేబులు ఎవరు తీశారో ఎవరూ తేల్చలేదు, తేల్చాల్సిన అవసరం కూడా ఎవరికీ లేకపోయింది. చాలా ఏళ్లకు శ్రీకూర్మం గుడిలో స్తంభాల మధ్య లక్ష్ముడు ఎదురయ్యాడు, నెత్తి నెరిసిపోయింది. ఆకులో ప్రసాదం సగం విరిచి చేతిలో పెట్టాడు, పిల్లలు బాగున్నారా బాబూ అన్నాడు. ఆ పేరు ఎవరు చెప్పారో అతనికి తెలుసో తెలియదో జగన్నాధానికి ఈ రోజుకీ తెలియదు. ప్రసాదం మాత్రం గొంతు దిగలేదు. ఇదిప్పుడు ఎందుకు గుర్తొచ్చిందో తెలుసు, తెలిసి కూడా ఆ సంగతి నుంచి మనసును పక్కకు లాగాడు. బ్యాగు కుర్చీ కాలికి ఆనించి ఉంది. దాని వైపు చూడలేదు.

మళ్లీ వంగాడు, ఈసారి చప్పుడు కాకుండా, టేపు కొంచెం ఎత్తి చూశాడు. ఒక ట్రాన్సిస్టరు, చిన్న మైకు, రాగి తీగ చుట్ట. ఇది బజారులో కొన్న సరుకు కాదు, నాలుగు వారాల కిందట తొమ్మిదో తరగతిలో తనే చేయించినది. పన్నెండు మంది పిల్లలకు పన్నెండు పొట్లాలు. పెన్సిలుకు తీగ ఎనిమిది చుట్లు చుట్టండి, చుట్టుకూ చుట్టుకూ వెంట్రుకవాసి ఎడం ఉండాలి అంటే ఒక్కొక్కడు ఒక్కోలా చుట్టాడు, స్ప్రింగులా సాగదీసినవాడొకడు, జిలేబీ చేసినవాడొకడు. ఈ చుట్ట మాత్రం కొలిచినట్టుంది. బ్యాటరీ వైరు టేపుతో కాదు, ముడితో కట్టి ఉంది.  ఎంత లాగితే అంత బిగిసే ముడి, సముద్రం ఒడ్డున వల తెగినచోట అల్లుకునేవాళ్లు వేసే ముడి. పన్నెండు మందిలో అలాంటి ఇంటి నుంచి వచ్చిన పిల్ల ఒక్కతే, రాణి. ఆయా గున్నమ్మ మనవరాలు. తండ్రి గుజరాత్ బోట్లలో చేపల వేటకు వెళ్లి ఎనిమిది నెలలకోసారి వస్తాడు, తల్లి లేదు. గున్నమ్మ ఇక్కడ పనిచేసినన్నాళ్లూ ఆ పిల్లకు ఇక్కడ చదువు. ఆ రోజు పొట్లం అందుకుంటూ అడిగింది, ఇది ఎంత దూరం ఇనపడతాది సార్ అని. మన కాంపౌండు గోడ దాకా అని తను నవ్వుతూ చెప్పాడు. వారం తర్వాత మిగతావాళ్లందరూ తెచ్చి చూపిస్తే ఆ పిల్ల లేచి నిలబడి, నాది పని చెయ్యలేదు సార్, పాడేసినాను అంది. అంత చక్కగా చేసే పిల్ల చేతిలో ఎలా పాడైందా అని రెండు రోజులు బాధపడ్డాడు కూడా.

బ్యాటరీ కొత్తది, తళతళలాడుతోంది. ఇది రాత్రింబవళ్లు వింటూ ఉంటే ఒక్కో బ్యాటరీ రెండు రోజులకు మించి రాదు. అంటే రెండు రోజులకోసారి ఎవరో ఈ బల్ల కిందకు దూరి బ్యాటరీ మారుస్తున్నారు, ఈ గదిలోకి వచ్చినా ఎందుకొచ్చావని ఎవరూ అడగని మనిషి, బల్ల కింద వంగినా ఎందుకు వంగావని అడగని మనిషి. పొద్దున్నే ఈ గది ఊడ్చేది గున్నమ్మ. ముసలిదానికి చదువు లేకపోతేనేం, బ్యాటరీ మూత ఇలా నొక్కి ఇలా తియ్యాలని మనవరాలు చూపించి ఉంటుంది. అక్కడితో ఆగకుండా ఇంకో బొమ్మ కళ్లముందుకొచ్చింది. మధ్యాహ్నం తను గేటులోంచి వస్తుంటే, బాత్రూముల పక్కన మెట్టు మీద గున్నమ్మ కూర్చుని ఉంది, పైటకొంగు తల మీదుగా చెవి మీదకు లాక్కుని, కొంగు కింద పాత రేడియో చెవికి ఆనించుకుని. మూడు వారాలుగా ఎప్పుడు చూసినా అలాగే కనబడుతోంది. పని తగ్గించేశారు కదా, పాపం పాటలు వింటోందనుకున్నాడు. తను దగ్గరకు రాగానే ముల్లు తిప్పేసింది. ఆ తిప్పడం అప్పుడు చూసి కూడా చూడలేదు. ఆ మెట్టుకూ ఈ గదికీ మధ్య నలభై అడుగులు ఉంటుందేమో.

కాబట్టి వినేది హరిబాబు కాదు, మురళీమోహన్ కాదు. ఒక్క క్షణం ఊపిరి తేలిగ్గా వచ్చింది, ఒక్క క్షణమే. మూడు వారాల్లో ఈ గదిలో ఏమేం మాటలు పడ్డాయో ఒక్కొక్కటే లేచి వస్తున్నాయి. మొదటి మాటకు ఈ మైకు అవసరం కూడా లేకపోయింది. ల్యాబులో కరెంటు కొలిచే కొత్త మల్టీమీటరు కనబడటం లేదని తెలిసిన మంగళవారం, అందరూ ఈ బల్ల చుట్టూ చేరి టీలు తాగుతూ తర్జనభర్జన పడుతుంటే, తాళాలు గున్నమ్మ దగ్గరే కదా ఉంటాయి అని ముందుగా అన్నది జగన్నాధమే. అనుమానం అనలేదు, తాళాలు అన్నాడు. అన్నాక చూస్తే ఖాళీ గ్లాసులు పళ్లెంలో పెట్టుకుంటూ ఆమె వెనకాలే ఉంది. ఒక గ్లాసు ఇంకో గ్లాసులో పెట్టి, దాన్ని ఇంకో గ్లాసులో పెట్టి, పళ్లెం ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే తాళాలు తీసేసుకున్నారు. టీ చెయ్యడం మాన్పించారు. బాత్రూములు కడగడం, పొద్దున వాచ్‌మన్ చూస్తుండగా గదులు ఊడవడం, అంతే మిగిల్చారు. అంతకుముందు పార్ట్ టైం సారైనా సరే తనకు ముందు టీ ఇచ్చేది, అల్లం కాస్త ఎక్కువేసి, మీకు దగ్గు కదా బాబూ అని. ఆ తర్వాత ఒక రోజు మురళీమోహన్, సముద్రం ఒడ్డు మనుషులకి చెయ్యి ఊరుకోదండీ అని ఏదో హాస్యమన్నట్టు అంటే జగన్నాధం నవ్వాడు. పెద్దగా కాదు, ఊరికే ముక్కుతో. ఆ ముక్కు చప్పుడు కూడా మెట్టు మీద కూర్చుని ఆమె విని ఉంటుంది, చిన్న మైకు అలాంటివే బాగా పట్టుకుంటుంది.

ఇక పక్కకు లాగడానికి చోటు లేదు, మనసు వెళ్లి బ్యాగు మీదే కూర్చుంది. మీటరు బ్యాగులో ఉంది. పోయిందని అందరూ అంటున్న మీటరు, ఎవరూ ఎత్తుకుపోని మీటరు. ఒక సాయంత్రం ఎదురింటివాళ్ల స్టెబిలైజరు చూడాలని తనే స్కూటరు డిక్కీలో పెట్టుకుని తీసుకెళ్లాడు, రేపు తెచ్చేద్దామనుకున్నాడు, అది మిక్సీల మధ్య పచ్చ సంచిలో ఉండిపోయింది. దేవుడి మీద ఒట్టు, మరిచిపోయాడు. ఆ మంగళవారం తాళాల మాట అన్నప్పుడు నిజంగానే గుర్తు లేదు. మొన్న ఆదివారం పాత మిక్సీ ఒకటి జరిపితే సంచి కనబడింది. మరిచిపోవడం తప్పు కాదు, కానీ ఆదివారం నుంచి ఈ గురువారం దాకా మరిచిపోలేదు కదా. మొన్న మంగళవారం మధ్యాహ్నం, ఇదే కుర్చీలో, గదిలో ఎవరూ లేకుండా చూసుకుని ఇంట్లో ఉన్న భార్య వరహాలుకు ఫోను చేశాడు. ఒక్కో మాటా ఇప్పుడు టేపు తిప్పినట్టు వినబడుతోంది. ఆ పాత మిక్సీ ఎనకాల పచ్చ సంచిలో మీటరున్నాది, దాన్ని నా బ్యాగులో పెట్టీ, ఎవులికీ సెప్పకు అన్నాడు. అదేటని ఆమె అడిగితే, స్కూలుదే, మర్సిపోయి తెచ్చేసినాను, అదిప్పుడు గున్నమ్మ మెడకి సుట్టుకున్నాది అన్నాడు. మరి సెప్పేయొచ్చు కదా అంది వరహాలు. ఇప్పుడు సెప్తే నా మొకాన ఉమ్ముతారు, ల్యాబు బీరువా ఎనకాల పడేత్తాను, ఆళ్లకే దొరుకుతాది అన్నాడు.

ఆ ఫోను మంగళవారం. ఇవాళ గురువారం. రెండు రోజులుగా ఆ ముసలిదానికి తెలుసు, మనవరాలికీ తెలుసు. ఇందాక తరగతిలో రాణి మొదటి బెంచీలోనే కూర్చుంది, ప్రశ్న అడిగితే లేచి సమాధానం చెప్పింది, గొంతులో ఏ తేడా లేదు. కళ్లు మాత్రం బోర్డు మీద కాకుండా తన చేతుల మీద ఉన్నాయని ఇప్పుడనిపిస్తోంది. ఎవరితోనూ ఎందుకు చెప్పలేదు. హరిబాబుతో చెప్పేసి ఉండొచ్చు. చెప్పేశారేమో, నాలుగింటికి పిలిచింది అందుకేనేమో, సంతకం మాట వలేమో, తను లోపలికి వెళ్లి కాగితం మీద పేరు రాయగానే బ్యాగు విప్పమంటారేమో.  అలా ఉంటుందా. చెప్పాలంటే ఎలా తెలిసిందో చెప్పాలి. ఎలా తెలిసిందో చెప్తే టీచర్ల గదిలో దొంగ మైకు పెట్టిన పిల్లను ఆ సాయంత్రమే పంపించేస్తారు. చేతిలో నిజం ఉంది, బయటికి తీస్తే పిల్ల చదువు పోతుంది, తియ్యకపోతే ముసలిదాని పరువు పోతుంది, పనీ పోతుంది, పనితోపాటు మళ్లీ పిల్ల చదువే పోతుంది. రెండు రోజులుగా ఆ మెట్టు మీద కూర్చుని ఆమె ఈ లెక్కే వేసుకుని ఉంటుంది. తను బ్యాగు కుర్చీ కాలికి ఆనించి పాఠాలు చెప్పాడు. బీరువా వెనక పడేద్దామంటే తాళాలిప్పుడు హరిబాబు దగ్గరున్నాయి, అదొక్కటే అడ్డమైంది. అడ్డం లేకపోతే పడేసేవాడే. పడేస్తే, భయపడి తెచ్చి పెట్టేసిందని గున్నమ్మనే అనేవారు. ఆ సంగతి ఆదివారం నుంచీ తనకు తెలుసు. తెలిసి కూడా అదే మేలనుకున్నాడు.

నాలుగుకు పది నిమిషాలు ఉంది. కిటికీలోంచి చూస్తే హైవే మీద లారీలు, దాని అవతల కోతకొచ్చిన వరిచేలు, ఇవతల బాత్రూముల గోడ, మెట్టు మీద కొంగు కప్పుకున్న ఆకారం. కదలడం లేదు. కూత విన్నాక కూడా లేచి వెళ్లిపోలేదు. జగన్నాధం బల్ల అంచు పట్టుకుని కిందకు వంగాడు. ఎవరైనా చూస్తే పెన్ను పడిందని అనుకుంటారు.  వేల మైళ్ల తీగల మీద హలో హలో అని పరీక్ష చేసిన గొంతు, ఒక అగ్గిపెట్టె ముందు పెగలడం లేదు.

"గున్నమ్మా," అన్నాడు చివరికి, గుసగుసగా. "నానే, జగన్నాధాన్ని. మీటరు నా దగ్గరే ఉన్నాది. నీకు తెలుసు. ఇప్పుడు ఆళ్ల గదిలోకెళ్లి సెప్తాను. నువ్వు ఇను."

టేపు పూర్తిగా ఊడదీశాడు. బ్యాటరీ తీసేద్దామని వేలు పెట్టి, తియ్యలేదు. ఆ అగ్గిపెట్టెంత వస్తువును అలాగే, తోకతో సహా చొక్కా జేబులో పెట్టుకుని పైన రుమాలు కప్పాడు. ఆమె ఇన్నాళ్లూ ఈ గది మాటలు విన్నది, ఆ గది మాటలు కూడా వింటే విననీ. ఇది ధైర్యమా, లేక వెనక్కి తగ్గకుండా తన కాలికి తనే వేసుకున్న సంకెలా అని వరండాలో నడుస్తూ అనుకున్నాడు. తన మీద తనకే నమ్మకం లేదు కాబట్టి జేబులో సాక్షిని పెట్టుకున్నాడు. కెమెరాల కింద నుంచి వెళ్తుంటే మొదటిసారి వాటి సంగతి పట్టలేదు.

హరిబాబు గదిలో ఏసీ చల్లగా ఉంది. మురళీమోహన్ పక్క కుర్చీలో ఉన్నాడు. బల్ల మీద టైపు చేసిన కాగితం, ఎక్కడ సంతకం పెట్టాలో అక్కడ పెన్సిలుతో చిన్న గుర్తు. హరిబాబు కూర్చోమని, మీరు కూడా ల్యాబు వాడతారు కాబట్టి మీ సంతకం కూడా ఉంటే బాగుంటుంది అని, ఆయాను ఈ నెలాఖరుకు మాన్పిస్తున్నామని, పోలీసుల దాకా వెళ్లకపోవడం మా మంచితనమని చెప్పుకుపోతున్నాడు. జగన్నాధం బ్యాగు విప్పి మీటరు తీసి ఆ కాగితం మీద పెట్టాడు. ఎప్పుడు తీసుకెళ్లాడో, ఎలా మరిచిపోయాడో, ఎప్పుడు దొరికిందో, దొరికాక ఎన్ని రోజులు దాచాడో ఆగకుండా చెప్పాడు. మధ్యలో ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు. మురళీమోహన్ మీటరు వైపూ తన వైపూ చూశాడు. ఆ చూపు గుర్తుపట్టాడు, నిన్నటిదాకా అందరం కలిసి గున్నమ్మను చూసిన చూపు.

హరిబాబు కుర్చీలో వెనక్కి వాలాడు. కోపం రాలేదు, అది ఇంకా ఇబ్బందిగా ఉంది.

"సరే, దొరికింది కదండీ," అన్నాడు. "మీరు తీసుకెళ్లారని ఇప్పుడు అందరికీ చెప్పడమెందుకు. బీరువా వెనక దొరికిందని రాసుకుందాం. ఆవిడ పని ఆవిడ చేసుకుంటాది, మీ పాఠాలు మీరు చెప్పుకుంటారు. సారన్నాక పిల్లల ముందు పేరుండాలి కదా."

ఏసీ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఎంత మంచి మాట. గున్నమ్మ పని పోదు, పిల్ల చదువు పోదు, తన పేరు పోదు. బజారులో ఎదురైనవాళ్లు సారూ అని పిలుస్తూనే ఉంటారు, వరహాలు తలెత్తుకుని కూరగాయలకు వెళ్తుంది. ఎవరికి నష్టం. దొంగతనం అంటగట్టించుకున్న మనిషి దొంగ కాదని ఎవరూ గట్టిగా అనరు, అంతే కదా, మెల్లగా మరిచిపోతారు, అంతే కదా. సరే అనడానికి పెదవులు విడిపడ్డాయి కూడా. జేబులో వస్తువు చొక్కాలోంచి వెచ్చగా తగులుతోంది. అది వెచ్చబడేంత కరెంటు లాగదని తనకు తెలుసు, అయినా వెచ్చగా ఉంది. ఈ నిశ్శబ్దం కూడా మెట్టు దాకా పోతోంది. ఎంతసేపైందో తెలియదు, గడియారం ముల్లు చప్పుడు చాలాసార్లు వినబడింది.

"ఒద్దండీ," అన్నాడు. "గున్నమ్మని పిలిపించండి. ఆవిడ ముందర సెప్తాను. రేపు అసెంబ్లీలో కూడా సెప్తాను."

గున్నమ్మ వచ్చి గడప అవతలే నిలబడింది. చేతిలో రేడియో లేదు. జగన్నాధం లేచి నిలబడి అంతా మళ్లీ చెప్పాడు, ఈసారి మొదటి మాట దగ్గర్నుంచి, తాళాల మాట దగ్గర్నుంచి. ఆమె నేల చూపులు చూస్తూ విన్నది. హరిబాబు సొరుగు లాగి తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టి, ఏదో పొరపాటైపోయింది, తీసుకోమ్మా అన్నాడు. ఆమె ముట్టుకోలేదు. తాళాలు నాకొద్దు బాబూ, ఊడుస్తాను, కడుగుతాను, టీ పెట్టమంటే పెడతాను, మీ బీరువాలు మీరే ఏసుకోండి, మీరే తీసుకోండి అంది నెమ్మదిగా. అనేసి వెళ్లిపోయింది. తాళాలు అక్కడే ఉండిపోయాయి. వచ్చేవారం నుంచి మీ క్లాసుల సంగతి ఆలోచించి చెప్తానని హరిబాబు అన్నాడు, జగన్నాధం తలూపి బయటికొచ్చాడు.

బడి వదిలేశారు. పిల్లలు బస్సులెక్కుతున్నారు. రాణి ఒక బస్సు కిటికీ పక్కన కూర్చుని ఇటే చూస్తోంది, కళ్లు తిప్పుకోవడం లేదు, నవ్వడమూ లేదు. గున్నమ్మ బాత్రూముల గోడ పక్కన రేడియోను గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంటోంది. జగన్నాధం దగ్గరకు వెళ్లి, అటూ ఇటూ చూసి, జేబులోంచి ఆ వస్తువు తీసి ఇచ్చాడు. బ్యాటరీ అప్పుడు తీశాడు. ఆమె అందుకుని కొంగున ముడేసుకుంది, తమలపాకులు కట్టుకున్నంత మామూలుగా.

"అంతా ఇన్నాను," అంది. "ఆ బాబు బీరువా మాట అన్నాక మీరు సానాసేపు మాటాడలేదు."

"అవును."

"ఆ ఊరుకున్నంతసేపు ఏటనుకున్నారు బాబూ? అదొక్కటీ ఇనపడనేదు."

అబద్ధం నాలుక చివర సిద్ధంగా ఉంది, ఎలా చెప్పాలా అని ఆలోచించానని, నోరు పెగల్లేదని. ఆమె కళ్లెత్తి మొదటిసారి తన మొహంలోకి సూటిగా చూస్తోంది. ఆ కళ్లలో కోపం కనబడలేదు. మూడు వారాలు ఒక చెవితోనే మనుషుల్ని చూసినదానికి ఇప్పుడు కళ్లతో చూడటం కొత్తగా ఉన్నట్టుంది.

"ఆయన సెప్పినదానికి ఒప్పేసుకుందామనుకున్నాను గున్నమ్మా," అన్నాడు.

బస్సు హారను కొట్టింది. గున్నమ్మ సంచి భుజానికి తగిలించుకుంది.

"నానూ అలగే అనుకున్నాను," అని, మనవరాలు కూర్చున్న బస్సు వైపు నడిచింది.